కారు ఒక ప్రక్కకు లాగనేల?

 

ఖరగ్‌పూరున చక్రమును గూర్చి ప్రసంగించుట కొంత సాహసమే. ఈ పట్టణము చక్రముల చుట్టును పెరిగినది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి ఇచ్చటి వర్క్‌షాపున చక్రములను విప్పి, చెక్కి, బిగించిన చేతులలో తెలుగు చేతులు ఎన్నియో కలవు. అట్టివారి బిడ్డల యెదుట నేను చెప్పబోవునది మన యిండ్ల ముందర నిలిచియున్న కారు చక్రమును గూర్చి. నేడు మనలో పలువురు పండుగలకు 16వ నెంబరు జాతీయ రహదారి వెంట శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపు సొంత కారులలో పోవుచున్నారు. కావున ఇది మన కుటుంబముల క్షేమమునకు సంబంధించిన విషయము.

రైలు పెట్టెకు స్టీరింగు లేదు. అయినను అది పట్టాల నడుమ కుదురుగా నడచును. చక్రము పట్టాపై దొర్లు భాగము 20కి 1 వంతున వాలుగా చెక్కబడియుండును. లోపలి వైపు వ్యాసము హెచ్చు, వెలుపలి వైపు తక్కువ. పెట్టె ఎడమకు జరిగినచో ఎడమ చక్రము పెద్ద వ్యాసముపైనను, కుడి చక్రము చిన్న వ్యాసముపైనను దొర్లును. రెండును ఒకే ఇరుసునకు బిగింపబడినవి గనుక ఎడమ చక్రము హెచ్చు దూరము నడచి, పెట్టెను మరల నడుమకు త్రిప్పును. అందుచేతనే, చెక్కిన పిదప ఒకే ఇరుసుపైనున్న రెండు చక్రముల వ్యాసములలో అర మిల్లీమీటరుకు మించి భేదము ఉండనీయరు.

కారునకు పట్టాలు లేవు. దాని దారిని కాపాడునది మన చేయి. చిక్కు అచ్చటనే యున్నది. కారు ఎడమకు లాగినచో, మనకు తెలియకయే చేయి కుడికి పట్టును. పది దినములలో ఆ పట్టు అలవాటగును, దోషము మరుగుపడును. వానలో హఠాత్తుగా బ్రేకు వేయవలసివచ్చిన నాడు అది బయటపడును.

రెండేండ్ల క్రిందట నా కారు ఎడమకు లాగజొచ్చెను. ఒక దుకాణమున వీల్ అలైన్‌మెంటు చేయించితిని. పక్షము దినములకు మరల లాగెను, మరల చేయించితిని. ఫలము లేకపోయెను. అప్పుడు మా వీథిలోని విశ్రాంత ఫిట్టరుగారొకరు, "బాబూ, బండి ఎప్పుడు లాగుతోంది? ఎప్పుడూనా, బ్రేకు వేసినప్పుడేనా?" అని అడిగిరి. నేను చెప్పలేకపోతిని. ఆ ప్రశ్న దుకాణమువారు నన్నడుగలేదు. నన్ను నేనును అడుగుకొనలేదు. ఆయన నాచేత పది మైళ్ళు నడిపించి, దిగగానే ఒక్కొక్క చక్రము చెంత అరచేయి ఉంచి చూచిరి. ఎడమ ముందు చక్రము వద్ద చేయి నిలువలేదు. "మా రోజుల్లో బండి ఆగగానే ఇరుసు పెట్టెల మీద చెయ్యి పెట్టి చూసేవాళ్ళం" అనిరి. బ్రేకు కాలిపరు పట్టుకొనిపోయి, కాలు తీసినను విడువకుండెను. ఆ కారులోనే నేను పిల్లలతో సంక్రాంతికి పోవ నిశ్చయించుకొని యుంటిని.

నాటినుండి నేను పాటించు క్రమమును మనవి చేసెదను. ఇది సులభమైన దానితో ప్రారంభమై కష్టమైన దానితో ముగియును.

మొదట రోడ్డును అనుమానింపుడు. వాననీరు పోవుటకై రోడ్డు అంచునకు వాలుగా నుండును. మనము ఎడమ ప్రక్కన నడుపుదుము గనుక కారు స్వల్పముగా ఎడమకు జరుగుట సహజము. గాలి లేని వేళ, చదునైన ఖాళీ స్థలమున, నెమ్మదిగా నడుపుచు పట్టు సడలించి చూడుడు. చేతులు మాత్రము పూర్తిగా తీయరాదు.

రెండవది గాలి. గాలి తగ్గిన టైరు బరువుగా దొర్లును. కారు ఆ ప్రక్కకే లాగును. టైర్లు చల్లగా నున్నప్పుడు కొలిచి, డ్రైవరు తలుపు చెంత అంటించిన పట్టికతో సరిచూడుడు.

మూడవది టైరు. లోపలి అల్లికలోని లోపముచే క్రొత్త టైరు సైతము లాగవచ్చును. ముందరి టైర్లను కుడియెడమలుగా మార్చి చూడుడు. ఒకే దిశలో దొర్లుటకు గుర్తుగల టైర్లను మాత్రము అట్లు మార్చరాదు. లాగుట రెండవ ప్రక్కకు మారినచో దోషము టైరుదే.

నాల్గవది బ్రేకు. బ్రేకు వేసినప్పుడు మాత్రమే కుడికి లాగినచో, తరచుగా ఎడమ బ్రేకు బలహీనమైనదని అర్థము. ఎల్లప్పుడు లాగుచు ఒక చక్రము మిక్కిలి వేడెక్కినచో, ఆ బ్రేకు విడువకున్నదేమో చూడవలెను. చక్రమును ముట్టకుడు, చేయి దగ్గరకు చేర్చిన చాలును.

ఇవి యన్నియు చూచిన పిదపనే కోణముల మాట. చక్రము పైభాగము ఏ ప్రక్క హెచ్చుగా వెలుపలికి వాలునో ఆ ప్రక్కకు కారు లాగును. దీనిని కాంబరు అందురు. సైకిలు ముందు ఫోర్కువలె స్టీరింగు అక్షము వెనుకకు వాలియుండుట కాస్టరు. అది ఏ ప్రక్క తగ్గునో ఆ ప్రక్కకు లాగును. ముందు చక్రముల టో చెడినచో టైర్లు త్వరగా అరుగును, స్టీరింగు వంకరగా నిలుచును. వెనుక చక్రములది చెడినచో కారు పీతవలె ఏటవాలుగా నడచును. బుష్షులు, బాల్ జాయింట్లు వదులైయుండగా కోణములు సరిచేయుట వృథా. తొలి గుంతలోనే అవి మరల చెడును. విద్యుత్ స్టీరింగు గల నేటి కారులలో మరమ్మతు పిదప స్టీరింగు సెన్సరుకు నడిమి స్థానమును తిరిగి నేర్పవలసి యుండవచ్చును.

సోదరులారా! దుకాణమునకు పోవుటకు ముందే, ఏ ప్రక్కకు, ఏ వేగమున, బ్రేకుతోనా, బ్రేకు లేకయా అను మూడు సంగతులు ఒక కాగితముపై వ్రాసికొనుడు. సగము రోగము అచ్చటనే తెలియును. ఖరగ్‌పూరున మన పెద్దలు యంత్రమునకు బలముతో కాక పరిశీలనతో మందు వేసిరి. పండుగ ప్రయాణమునకు ముందు ఒక్క ఉదయము ఆ పనికి వెచ్చింపుడని వేడుకొనుచున్నాను.