తాతయ్య జేబులో మాత్ర, నా డబ్బాలో పౌడర్: నైట్రిక్ ఆక్సైడ్ కథ

ఈ ఎపిసోడ్ హైదరాబాద్ రూమ్‌లో కాదు, మా ఊరు చందర్లపాడులో, ఇంటి అరుగు మీద కూర్చుని చేస్తున్నా. మధ్యలో ట్రాక్టర్ చప్పుడు వస్తే కాస్త సర్దుకోండి.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను. పోయినేడాది ఆఫీస్ హెల్త్ చెకప్‌లో నా బీపీ 150/100 వచ్చింది. అప్పటికి నా వయసు 27. డాక్టర్ గారు వేరే రోజుల్లో ఇంకో రెండుసార్లు చూసి, రోజుకో మాత్ర రాశారు. ఈ వయసులో బీపీ మాత్ర ఏంటని నాకు నామోషీ. జిమ్‌లో ఒకతను "ఎన్‌ఓ బూస్టర్ పౌడర్ తాగు బ్రో, నరాలు తెరుచుకుంటాయి, బీపీ అదే దిగుద్ది" అన్నాడు. మాత్ర ఆపేసి నెల రోజులు పౌడర్ తాగాను. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు తాతయ్య బీపీ మెషీన్ సరదాగా నా చేతికి కట్టుకుంటే 160/104!

"ఏంట్రా, నాకంటే నీదే ఎక్కువుంది?" అన్నాడు తాతయ్య.

తాతయ్యకి గుండె నొప్పి ఉంది. చొక్కా జేబులో ఎప్పుడూ సార్బిట్రేట్ మాత్ర ఉంటుంది. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకుంటాడు, కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. ఆ మాత్ర, నా పౌడర్, రెండూ ఒకే వాయువు పేరు చెప్తాయి: నైట్రిక్ ఆక్సైడ్. మరి మాత్ర పనిచేసింది, పౌడర్ ఎందుకు పనిచేయలేదు? ఈరోజు మన టాపిక్ అదే.

మా ఊరి నుంచి జగ్గయ్యపేట వైపు వెళ్తే సిమెంట్ ఫ్యాక్టరీల సున్నపురాయి క్వారీలు ఉంటాయి. రాయి పేల్చే పనిని మార్చేసిన డైనమైట్‌కి ఆల్‌ఫ్రెడ్ నోబెల్ 1867లో పేటెంట్ తీసుకున్నాడు. అందులో ఉండే పేలుడు పదార్థం నైట్రోగ్లిజరిన్. తర్వాత నోబెల్‌కే గుండె జబ్బు వస్తే, డాక్టర్లు మందుగా రాసింది అదే నైట్రోగ్లిజరిన్! తాతయ్య మాత్ర దానికి చుట్టం లాంటిదే. ఈ మందులు శరీరంలోకి వెళ్ళి నైట్రిక్ ఆక్సైడ్ ఇస్తాయి. రక్తనాళం గోడలోని కండరం సడలుతుంది, దారి వెడల్పవుతుంది.

ఇది ఎలా జరుగుతుందో దాదాపు వందేళ్ళు ఎవరికీ తెలీదు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ ఒక విషయం చూపించాడు. రక్తనాళం లోపలి పొర ఉంటే, అసిటైల్‌కోలిన్ వేసినప్పుడు నాళం సడలుతుంది. ఆ పొర గీకేస్తే సడలదు. అంటే ఆ పొర ఏదో సిగ్నల్ పంపిస్తోంది. అదే నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. 1998లో ఫర్చ్‌గాట్, లూయిస్ ఇగ్నారో, ఫెరిడ్ మురాద్‌లకి వచ్చిన బహుమతి పేరు? నోబెల్!

ఇప్పుడు అసలు హీరో. ఈ వాయువుని తయారుచేసే ఎంజైమ్ పేరు నైట్రిక్ ఆక్సైడ్ సింథేస్. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని, ఆక్సిజన్‌ని తీసుకుని వాయువుని చేస్తుంది. ఇది స్టాక్ పెట్టుకునే సరుకు కాదు, ఒంట్లో కొన్ని సెకన్లే ఉంటుంది. ఎప్పటికప్పుడు, అవసరమైన చోటే తయారవ్వాలి.

ఈ ఎంజైమ్ మూడు రకాలు. ఒకటి రక్తనాళాల పొరలో ఉండి బీపీ చూసుకుంటుంది. రెండోది నరాల్లో కబుర్లు మోస్తుంది. మూడోది ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు లేచి, క్రిముల్ని చంపడానికి వాయువుని కుమ్మరిస్తుంది. రక్తంలో ఇన్ఫెక్షన్ ముదిరి సెప్టిక్ షాక్ వస్తే బీపీ పడిపోవడానికి ఈ మూడోది కూడా కారణం. సరే, అన్ని రకాల్నీ ఆపేద్దామని సెప్టిక్ షాక్ రోగులకి ఒక మందు ఇచ్చి చూశారు. మరణాలు పెరిగాయి, ట్రయల్ ఆపేశారు. తక్కువైనా కష్టమే, ఎక్కువైనా కష్టమే.

మన హైదరాబాద్ నిమ్స్‌లో కె.వి. కుమార్, యు.ఎన్. దాస్ 1993లో ఒక పేపర్ రాశారు. అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళలో నైట్రిక్ ఆక్సైడ్ తక్కువగా, దాన్ని పాడుచేసే ఫ్రీ రాడికల్స్ ఎక్కువగా కనిపించాయి. మందులతో బీపీ అదుపులోకి వచ్చాక మళ్ళీ మామూలు స్థాయికి వచ్చాయి. నేను నామోషీ పడి ఆపేసింది అలాంటి మందునే!

మరి పౌడర్? అందులో ఉండేది ఎక్కువగా ఆర్జినిన్. ముడిసరుకు మనకి సాధారణంగా తిండిలోనే దొరుకుతుంది, వేరుశనగ గుళ్ళల్లో బోలెడుంది. నాలాంటి వాళ్ళకి కొరత ముడిసరుకు కాదు, ఫ్యాక్టరీ దెబ్బతినడం. సిగరెట్, అదుపులేని షుగర్, అదుపులేని బీపీ ఆ పొరని పాడుచేస్తాయి. దెబ్బతిన్న ఎంజైమ్ మంచి వాయువుకి బదులు ఫ్రీ రాడికల్స్ చేయడం మొదలెడుతుంది. ఇంకోటి వినండి. అమెరికాలో గుండెపోటు వచ్చినవాళ్ళకి ఆర్జినిన్ ఇచ్చి చూశారు, 2006లో ఫలితాలు వచ్చాయి. ఆర్జినిన్ తీసుకున్నవాళ్ళలో ఆరుగురు చనిపోయారు, ఉత్తి మాత్ర తీసుకున్నవాళ్ళలో ఒక్కరూ లేరు. ఆ ట్రయల్ కూడా మధ్యలోనే ఆపేశారు. కాబట్టి ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్ళకి "మంచిదే కదా" అని మీ డబ్బాలోంచి స్పూన్ వేసివ్వకండి.

ఇంకో మాట, సిగ్గుపడకుండా వినండి. వయాగ్రా రకం మాత్రలు కూడా ఈ దారిలోనే పనిచేస్తాయి. సార్బిట్రేట్ లాంటివి వాడేవాళ్ళు అవి వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనొద్దు. ఎప్పుడైనా వేసుకుని ఛాతీ నొప్పి వస్తే, ఏం వేసుకున్నారో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

మరి ఫ్యాక్టరీని ఎలా కాపాడుకోవాలి? నడవండి. రక్తం వేగంగా పారితే ఆ ఒరిపిడికే ఎంజైమ్ చురుగ్గా పనిచేస్తుంది. పాలకూర, తోటకూర, బీట్‌రూట్ తినండి, వాటిలోని నైట్రేట్ నుంచి కూడా శరీరం ఈ వాయువుని చేసుకుంటుంది. సిగరెట్ మానేయండి. మాత్ర రాస్తే, డాక్టర్‌ని అడగకుండా ఆపొద్దు.

నేను మళ్ళీ మాత్ర మొదలెట్టాను, పొద్దున్నే నడుస్తున్నాను. నిన్న నా బీపీ 128/82. తాతయ్య మెషీన్ వైపు చూసి, "పర్లేదు, ఇప్పుడు మనవడిలా ఉన్నావు" అన్నాడు.

ఈ వారం మీరూ ఒకసారి బీపీ చూపించుకోండి. వయసు ఇరవై ఐదే అయినా సరే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!