బిడ్డ పేరు: తల్లిదండ్రుల పునరాలోచన

సకల స్తోత్రాలు అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన ఆదమ్ (అలైహిస్సలాం)కు పేర్లన్నీ నేర్పాడు. ఆ జ్ఞానంతోనే ఆయనను దైవదూతల ఎదుట గౌరవించాడు. కారుణ్యమూర్తి ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులందరిపైనా శాంతిశుభాలు కురియుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! ఈ పుటలను ఇంట చదువుకునే తల్లులారా, అక్కచెల్లెళ్ళారా!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల మస్జిదులలో సేవచేసే మా వంటివారి వద్దకు ప్రజలు పేరు కోసం రెండు పర్యాయాలు వస్తారు. మొదటిసారి బిడ్డ పుట్టినప్పుడు, సంతోషంతో, చేతిలో మిఠాయితో వస్తారు. రెండవసారి కొన్ని నెలలకో, కొన్ని ఏండ్లకో దిగులుతో వస్తారు. "హజ్రత్, పేరు తప్పు పెట్టామేమో" అంటారు. ఆ రెండవ రాకను గురించే ఈ జుమా నాడు మాట్లాడదలచాము.

గత చలికాలంలో ఒకనాడు అసర్ నమాజు పిదప ఒక యువకుడు భార్యనూ తల్లినీ వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. భార్య ఒడిలో పదినెలల ఆడబిడ్డ ఉంది. పేరు ఆసియా. బిడ్డకు మాటిమాటికీ జ్వరం వస్తోంది, ఒళ్ళు పట్టడం లేదు. ఇరుగుపొరుగు వారు "నామ్ భారీ పడ్‌గయా, పేరు బరువైంది, మార్చండి" అన్నారు. అది చాలదన్నట్లు పట్నంలోని బంధువు ఒకరు ఫోనులో ఒక సందేశం పంపారు. ఆసియా అంటే అవిధేయురాలని, దైవప్రవక్త (స) స్వయంగా ఆ పేరును మార్చారని అందులో ఉంది. ఆ యువకుడు తలవంచుకొని అడిగిన మాట మేము మరువలేము. "హజ్రత్, ఇన్ని నెలలుగా మా బిడ్డను మేము పాపాత్మురాలా అని పిలుస్తున్నామా?"

ఆ పేరు ఎంచినది బిడ్డ దాదీ. అఖీఖా నాడు దానిని చీటీపై వ్రాసి ఇచ్చినది మేము. ఆ వృద్ధురాలు గడప వద్ద కూర్చొని ఒక్క మాటా మాట్లాడలేదు.

చీటీ తెమ్మన్నాము. తెచ్చారు. అందులో ఆ పేరు ఉర్దూ లిపిలో అలిఫ్, సీన్ అక్షరాలతో ఉంది. అది ఫిరౌన్ భార్య అయిన ఆసియా (రజియల్లాహు అన్‌హా) పేరు. రాజభవనంలో ఉంటూ ఆ రాజు అహంకారాన్ని తిరస్కరించి, స్వర్గంలో తన ప్రభువు సన్నిధిన ఒక గృహాన్ని కోరుకున్న మహనీయురాలు ఆమె. ఆమె ప్రార్థనను సూరా తహ్రీమ్‌లో అల్లాహ్ విశ్వాసులకు ఆదర్శంగా నిలిపాడు. మర్యమ్ (అలైహస్సలాం)తో పాటు ఆమెను సంపూర్ణత్వం పొందిన స్త్రీగా దైవప్రవక్త (స) ప్రస్తుతించిన హదీసు సహీహ్ బుఖారీలో ఉంది.

మరి ప్రవక్త (స) మార్చిన పేరు ఏది? హజ్రత్ ఉమర్ (రజి) కుమార్తె పేరు అది. ఆయన దానిని మార్చి జమీలా అని పెట్టారని సహీహ్ ముస్లింలో ఉంది. ఆ పేరు ఐన్, సాద్ అక్షరాలతో వ్రాస్తారు. దాని అర్థం నిజంగానే అవిధేయురాలు. అరబీలో ఇవి రెండు వేర్వేరు పదాలు. తెలుగు లిపిలో వ్రాస్తే రెండూ ఆసియాయే. ఆధార్ కార్డుపైనా, అంగన్‌వాడీ రిజిస్టరులోనూ రెంటికీ ఒకే రూపం. ఆ సందేశంలో చెప్పిన హదీసు సత్యమే. దానిని ఆ బిడ్డకు అన్వయించడమే పొరపాటు.

సోదరులారా! ఈ విషయంలో మా తప్పు కూడా ఉంది. దానిని దాచుకోము. ఆ యువకుడు తెలుగు మాధ్యమంలో చదివాడు; ఉర్దూ చదవలేడు. చదవలేని లిపిలో చీటీ వ్రాసి చేతికిచ్చి, అర్థం చెప్పకుండా మేము భోజనాల పంక్తిలో కూర్చున్నాము. ఆ పేరు వెనుక ఎవరున్నారో ఆనాడే చెప్పి ఉంటే, ఆ తండ్రి నెలల తరబడి నిద్ర లేకుండా గడిపేవాడు కాదు. నాటి నుండి మేము పేరును రెండు లిపులలోనూ వ్రాసి, క్రింద అర్థాన్ని తెలుగులో వ్రాసి, చదివి వినిపించి ఇస్తున్నాము. తోటి ఇమాములకు కూడా ఇదే మా మనవి.

ఇక అసలు ప్రశ్నకు వద్దాము. పెట్టిన పేరు మార్చవచ్చునా? మార్చవచ్చును. అర్థం చెడ్డదైతే మార్చడమే ఉత్తమం. ఇందులో తల్లిదండ్రులకు చిన్నతనం లేదు. హజ్రత్ అలీ (రజి) తమ తొలి కుమారునికి యుద్ధం అనే అర్థం గల హర్బ్ అనే పేరు పెట్టగా, దైవప్రవక్త (స) దానిని హసన్‌గా మార్చారని ముస్నద్ అహ్మద్‌లో ఉల్లేఖనం ఉంది. అలీ, ఫాతిమాల ఇంటనే పేరు మారింది కదా! మన ఇంట మారితే అవమానమేమిటి?

ఇద్దరు సహచరుల వృత్తాంతాలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. అబూ ఉసైద్ (రజి) తన పసికందును ప్రవక్త (స) ఒడిలో ఉంచారు. ప్రవక్త (స) ఏదో పనిలో నిమగ్నులు కాగా, బిడ్డను ఇంటికి పంపించివేశారు. కాసేపటికి ఆయన బిడ్డ ఏడని అడిగారు, పేరేమిటని అడిగారు. తండ్రి పేరు చెప్పారు. ప్రవక్త (స) కాదని, అల్ ముంజిర్ అని నామకరణం చేశారు. తండ్రి స్వీకరించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఈ హదీసు ఉంది.

రెండవ వ్యక్తి పేరు హజ్న్. గరుకు నేల అని దాని అర్థం. ప్రవక్త (స) ఆయనకు సమతల భూమి, సుగమం అనే అర్థం గల సహ్ల్ అనే పేరు సూచించారు. తండ్రి పెట్టిన పేరును మార్చుకోనని ఆయన అన్నారు. ఆ తరువాత ఆ కరకుదనం తమ వంశంలో నిలిచిపోయిందని ఆయన మనుమడు, మహా విద్వాంసుడు సయీద్ బిన్ ముసయ్యిబ్ (రహిమహుల్లాహ్) చెప్పుకున్నట్లు సహీహ్ బుఖారీలో ఉంది. పెద్దల పట్ల గౌరవం మంచిదే. కాని మేలును తోసిపుచ్చే పట్టుదల గౌరవం కాదు.

అయితే దైవప్రవక్త (స) కనబడిన ప్రతి పేరునూ మార్చలేదని కూడా గ్రహించాలి. తల్హా అంటే ముళ్ళచెట్టు. హంజలా అంటే ఎడారిలో కాసే చేదుకాయ. ఆ పేర్లు అలాగే ఉండిపోయాయి. ఆ తల్హా (రజి) స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరయ్యారు. ఉహుద్‌లో అమరుడైన హంజలా (రజి)కి దైవదూతలు స్నానం చేయించారు. పేరు సాదాగా ఉన్నంత మాత్రాన అది చెడ్డపేరు కాదు.

ఈ మాట మన ప్రాంతానికి మరింత అవసరం. మన పల్లెలలో ఖాసింబీ, హుస్సేన్‌బీ, హుస్సేనప్ప, ఇమామమ్మ వంటి పేర్లు తరతరాలుగా ఉన్నాయి. చదువుకున్న పిల్లలకు నేడు ఈ పేర్లంటే నామోషీ. నానమ్మ పేరు పెట్టుకున్న బిడ్డకు బడిలో చేర్చే నాటికి మరో పేరు వెదుకుతున్నారు. కాస్త ఆలోచించండి. ఖాసిం అనేది దైవప్రవక్త (స) కుమారుని పేరు. హుస్సేన్ అనేది ఆయన మనుమని పేరు. వాటి చివర మన నేల ప్రేమతో చేర్చిన అమ్మ, అప్ప అనే మాటలలో దోషమేమున్నది? అర్థం మంచిదైతే చాలు. పేరు అరబీలోనే ఉండాలన్న నియమం కూడా లేదు. ఇబ్రాహీం, మూసా (అలైహిముస్సలాం) పేర్లు మూలంలో అరబీ పదాలు కావు. దానికి భిన్నంగా, వినసొంపుగా ఉన్నదని ఫోనులో దొరికిన పేరును అర్థం విచారించకుండా పెట్టడమే నిజమైన అజాగ్రత్త.

పిలుపులో కూడా జాగ్రత్త వహించాలి. అబ్దుర్రహ్మాన్ అంటే కరుణామయుని దాసుడు. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన రెండు పేర్లలో ఇది ఒకటి. దానిని విరిచి ఒట్టి అబ్దుల్ అంటే ఎవరి దాసుడో తెలియదు. ఒట్టి రహ్మాన్ అంటే దాసుని ప్రభువు పేరుతో పిలిచినట్లవుతుంది. ఇక మన కాగితాలలో ముహమ్మద్ అనే మహత్తర నామం "ఎండీ" అనే రెండు అక్షరాలకు కుదించుకుపోయింది. కనీసం రానున్న బిడ్డలకైనా పూర్తిగా వ్రాయించండి.

ఇప్పుడు "పేరు బరువైంది" అన్న మాట. ఈ నమ్మకానికి ధర్మంలో ఆధారం లేదు. దైవప్రవక్త (స) మంచి పేరు విని సంతోషించేవారు, మేలును ఆశించేవారు. అపశకునాన్ని మాత్రం ఆయన నిరాకరించారు. మంచి పేరు ఒక ఆశ, ఒక దుఆ. అది తాయెత్తు కాదు, శాపమూ కాదు. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా విడిపోగా మన మూడు ప్రాంతాలకు కొత్త జిల్లాల పేర్లు వచ్చాయి. పేరు మారిన మరునాడు బోరులో నీరు పెరిగిందా? బిడ్డ జ్వరం సంగతీ అంతే. ఆమెను వైద్యునికి చూపించమన్నాము. రక్తహీనత అని తేలింది, మందు నడుస్తోంది. వైద్యం చేయించుకోవలసిందిగా ఆదేశించినది మన ప్రవక్త (స)యే. ఆయన హసన్, హుసైన్ (రజి)లపై శరణు వేడే వాక్యాలను పఠించేవారు. ఇబ్రాహీం (అలైహిస్సలాం) తమ కుమారులపై పఠించినవి కూడా అవే. దుఆ ఒక చేత, మందు ఒక చేత. ఇదే సున్నత్.

చివరగా కాగితం మాట. నామకరణం ఏడవ రోజున చేయడం సున్నత్. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టిన 21 రోజులలోపు జననాన్ని తెలియజేయాలి. అంటే ఏడవ రోజు తరువాత కూడా పద్నాలుగు రోజుల వ్యవధి ఉంది. అప్పటికీ పేరు తేలకపోతే పేరు లేకుండానే జననాన్ని నమోదు చేయించి, తరువాత పేరును చేర్పించుకునే వీలును అదే చట్టం కల్పించింది. తొందరపడి ఏదో ఒక పేరు వ్రాయించి, పిదప పురపాలక కార్యాలయం చుట్టూ, మీసేవా చుట్టూ తిరగడం ఎందుకు? 2023 అక్టోబర్ 1 నుండి అమలైన సవరణ తరువాత పుట్టిన బిడ్డలకు బడి ప్రవేశం మొదలు ఓటరు జాబితా, ఉద్యోగం వరకు జనన ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి ముందు తల్లి, తండ్రి, ఇంటి పెద్దలు కలిసి సంప్రదించుకోండి. అర్థం తెలిసినవారిని అడగండి. ఆ తరువాత వ్రాయించండి. వ్రాయించిన పత్రంలో ప్రతి అక్షరాన్నీ అక్కడే చదివి చూసుకోండి.

సోదరులారా! ఇమ్రాన్ సతీమణి తన గర్భస్థ శిశువును దైవసేవకు మొక్కుకున్నారు. మగబిడ్డను ఆశించారు; ఆడబిడ్డ కలిగింది. ఆమె తన ప్రభువుతో మొర చెప్పుకున్నారు, బిడ్డకు మర్యమ్ అని పేరు పెట్టారు, ఆ వెంటనే ఆ బిడ్డనూ ఆమె సంతానాన్నీ షైతాను నుండి అల్లాహ్ రక్షణలో ఉంచారు. సూరా ఆలి ఇమ్రాన్‌లో అల్లాహ్ ఈ తల్లి ప్రార్థనను భద్రపరిచాడు. పేరు పెట్టడంతో తల్లిదండ్రుల పని ముగియదని ఆమె మనకు నేర్పారు. అర్థం చెడ్డదైతే పేరును మార్చండి. మంచిదైతే భయంతోనో నామోషీతోనో దానిని వదలకండి; ఆ పేరు గలవారి చరిత్రను బిడ్డకు చెప్పండి.

ఆనాడు ఆ యువకుడు చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. గడప వద్ద కూర్చున్న దాదీ లేచి వచ్చి మనుమరాలిని ఎత్తుకొని "ఆసియా" అని పిలిచింది. బిడ్డ ఆమె వైపు తిరిగి చూసింది.

ఓ అల్లాహ్! మా సంతానానికి మేలైన పేర్లను, ఆ పేర్లకు తగిన నడవడిని ప్రసాదించు. వ్యాధిగ్రస్తులైన మా పసివారికి స్వస్థత చేకూర్చు. మా అజ్ఞానం వలన జరిగిన పొరపాట్లను మన్నించు. ఆమీన్.