బడినుండి వచ్చు వారవార్త

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



మనము బదిలీల ఉద్యోగములు చేయువారము. మూడేండ్లొక ఊర, నాలుగేండ్లు మరొక ఊర గడుపుదుము. మనవంటివారి పిల్లలకొరకు 1963లో కేంద్రీయ విద్యాలయములు ప్రారంభమైనవి. అయినను మనలో పలువురు తమ బిడ్డలను క్రైస్తవ పాఠశాలలకు పంపుచునే యున్నారు. అట్టి బడులు పెక్కింటినుండి వారమున కొకసారి ఇంటికి వార్తాపత్రము వచ్చును. పూర్వము సైక్లోస్టైలు కాగితముగా వచ్చెడిది. నేడు చేతిఫోనులో వచ్చుచున్నది. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేయుదును.

అందేమి యుండును? ఏ తరగతికి ఎన్నడు పరీక్ష, బంతియాటలో ఏ జట్టు గెలిచినది, వరద బాధితులకు పిల్లలేమి పోగుచేసిరి, ఏ ఉపాధ్యాయిని పదవీ విరమణ చేయుచున్నది, క్రిస్మసు నాటకములో ఎవరు ఏ వేషము కట్టుదురు — ఇట్టి చిన్న సంగతులే. మనము ఫీజు గడువు తేదీ చూచుకొని తక్కినది విడిచిపెట్టుదుము. కాని వేర్వేరు మతములు, భాషలు, ప్రాంతములకు చెందిన వందలాది పిల్లలు ఒక్క కుటుంబమువలె మెలగుటకు ఈ చిన్న సంగతులే దారపుపోగులు. నడి సంవత్సరమున వచ్చి చేరిన పిల్ల పేరు ఒక్కమారు ఆ పత్రములో కనబడిన నాడు, ఆ క్రొత్త ఊరు ఆమెకు స్వంత ఊరగును.

బడికిని వారవార్తకును గల చుట్టరికము పాతది. బెంగాలులోని శ్రీరామపురమున కేరీ, మార్ష్‌మన్, వార్డు అను మిషనరీలు 1818లో కళాశాలను స్థాపించిరి. ఆ సంవత్సరమే ఆ మిషను ముద్రణాలయమునుండి ‘సమాచార దర్పణ్’ అను బెంగాలీ వారపత్రిక వెలువడినది. కేరీ రచించిన తెలుగు వ్యాకరణము సైతము 1814లో అచ్చటనే అచ్చుపడినది. పలక పట్టించిన చేతులే పత్రికను కూడ అందించినవి.

ఇక మన బందరు సంగతి. రాబర్టు నోబుల్ దొర 1841లో మన దేశమునకు వచ్చి, 1843లో మచిలీపట్టణమున ఆంగ్ల పాఠశాల తెరచెను. పేరుగల కుటుంబముల పిల్లలు అందు చేరిరి. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగా ఊరిలో కలవరము పుట్టినది. తలిదండ్రులు తమ పిల్లలను మాన్పించిరి; బడి ఖాళీ అయినది. అది క్రమక్రమముగా మరల నిండి, తుదకు నోబుల్ కళాశాలగా వెలసినది. నోబుల్ దొర 1865లో బందరులోనే కన్నుమూసెను. ఆనాడు తప్పెవరిదని నేడు మనము తీర్పు చెప్పనక్కరలేదు. ఇంటికిని బడికిని నడుమ నమ్మకము సడలినచో, ఎంతటి గురువైనను ఖాళీ బల్లలకు పాఠము చెప్పవలసివచ్చునని మాత్రము గ్రహించిన చాలును.

ఆ నమ్మకమునకు 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము రెండు ప్రక్కల కాపు పెట్టినది. అల్పసంఖ్యాక వర్గములు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొనవచ్చునని 30వ అధికరణము హక్కు నిచ్చినది. ప్రభుత్వ గుర్తింపుగాని ధనసహాయముగాని పొందిన బడిలో, మతబోధకుగాని ఆరాధనకుగాని హాజరు కమ్మని విద్యార్థిని అతని సమ్మతి లేక, మైనరైనచో సంరక్షకుని సమ్మతి లేక, నిర్బంధింపరాదని 28వ అధికరణము చెప్పుచున్నది. సమ్మతి యనగా తెలిసి ఇచ్చునది. బడిలో ఏమి జరుగుచున్నదో చదువని తండ్రి, దేనికి సమ్మతించినట్లు? దేనికి అభ్యంతరము చెప్పగలడు? వారవార్తను చదువనివాడు తన హక్కును తానే మడిచి పెట్టెలో పెట్టుకొన్నట్లు.

కావున నా మనవి ఇది. ఆదివారము సాయంకాలము ఆ పత్రమును పిల్లచేత ఇంటిల్లిపాదికిని తెలుగున చెప్పించుడు. నాయనమ్మ, “హార్వెస్టు ఫెస్టివల్ అంటే ఏమిటే?” అని అడుగును. పిల్ల తడుముకొని, “మన సంక్రాంతి లాంటిదే నాయనమ్మా, కొత్త పంట తెచ్చి దేవుడి ముందు పెడతారు” అని చెప్పును. ఆ తడుముకొనుటలోనే పిల్లకు తెలుగు నిలుచును, ముసలమ్మకు బడి తెలియును, తలిదండ్రులకు నిజము బోధపడును. సందేహము కలిగినచో వెంటనే బడికి వ్రాయుడు. సంతోషము కలిగినను వ్రాయుడు. ఉగాది వచ్చునప్పుడు మన పచ్చడిలోని ఆరు రుచులను గూర్చి పిల్లచేత రెండు వాక్యములు వ్రాయించి పంపుడు. వారి పండుగలు మన యింటికి వచ్చినట్లే, మన పండుగయు వారి పత్రములోనికి పోవలెను.

పరాయి ఊర బిడ్డకు మనమీయగల ఆస్తి రెండిండ్లు: ఒకటి తెలుగు మాటాడు ఇల్లు, రెండవది తనదని చెప్పుకొనదగిన బడి. ఆ రెంటికిని నడుమ వారమున కొకసారి తలుపు తెరచియుంచుట మన చేతిలోని పని.