మూసేస్తే జ్వరం తగ్గుతుందా?

(మండపేట సభలో చేసిన ప్రసంగ పాఠం)



కాలేజీలో నలుగురు పిల్లలకి దగ్గూ జ్వరం వస్తే ఏం చేస్తారు? హాస్టలు ఖాళీ చెయ్యమని కాగితం అంటిస్తారు. 2020లో కరోనాకి కాలేజీలన్నీ మూసినప్పుడు మన పిల్లలు పెట్టెలు సర్దుకుని పేటకొచ్చారు. మేడ ఉన్నవాడి కొడుక్కి వేరే గది దొరికింది. మన పిల్లాడికో? ఒకటే గది, అందులోనే నాయనమ్మ, చంటిబిడ్డ. రైసుమిల్లులో బస్తాలు మోసే తండ్రికి ఆ జ్వరం అంటుకుంటే పొయ్యి ఆరిపోయినట్టే.

ఫ్లూకి కులం లేదంటారు. 1918లో బొంబాయి నగరంలో ఆ జ్వరానికి ప్రతి వెయ్యిమందిలో యూరోపియన్లు 8 మంది, పై కులాల హిందువులు సుమారు 19 మంది పోతే, కింది కులాలవాళ్ళు 61 మందికి పైగా పోయారు. రోగం ఒకటే. గాలాడని కొంపలు, కూడులేని కడుపులు మనవి.

అందుకే మేం అడుగుతున్నాం. జ్వరమొచ్చిన పిల్లలకి హాస్టల్లోనే గాలొచ్చే గది ఇవ్వండి. జావ కాచి పెట్టండి. డాక్టర్ని అక్కడికే పిలిపించండి. ఆయాసమొస్తే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. హాజరు తగ్గిందని స్కాలర్‌షిప్పు ఆపకండి. వంటమనిషికీ, ఊడ్చే అక్కకీ జ్వరమొస్తే జీతంతో సెలవివ్వండి.

మా ఇళ్ళల్లో మొదట డిగ్రీ చదివినవాళ్ళం మేం. హాస్టలు కూడు తినే మేష్టర్లమయ్యాం. రేపు మీ పిల్లాణ్ణి జ్వరంతో ఇంటికి పంపితే ఒక్కరే ఏడవకండి. పేటంతా కదిలి వెళ్ళి అడుగుదాం. మేం ముందుంటాం.

జై భీమ్!