లావు, కిడ్నీలో రాయి, నీళ్లు
అక్కలారా, బసంత్‌నగర్‌లో కట్టడం పనికి పోయేదాన్ని. నడుములో పొడిచినట్టు నొప్పి లేస్తే కిడ్నీలో రాయి అన్నారు. "లావున్నావు, తిండి తగ్గించు" అన్నాడు డాక్టరు. నీళ్లు ఎన్ని తాగుతున్నావని అడగలేదు.

లావుకీ రాయికీ సంబంధముంది, కాదనను. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే మూత్రంలో ఆమ్లత పెరిగి యూరిక్ ఆమ్లం రాయి కడుతుంది. 2005లో అచ్చయిన అమెరికా పరిశోధనలో లావు వల్ల ఈ ముప్పు మగవాళ్లకంటే ఆడవాళ్లకే ఎక్కువగా కనిపించింది. పచ్చళ్లలో ఉప్పు కూడా కాల్షియాన్ని మూత్రంలోకి తోస్తుంది. రాయికి భయపడి పాలు, పెరుగు మానకండి, అది తప్పుడు సలహా.

నేను పొద్దున తాగిన గ్లాసెడు నీళ్లతోనే సాయంత్రందాకా ఉండేదాన్ని. తాగితే ఎక్కడికి పోవాలి? పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే చోట పాయిఖానాలు కట్టాలని 1996 కట్టడ కార్మికుల చట్టంలోనే రాశారు. మా మేస్త్రీ మాత్రం తుమ్మచెట్ల వైపు చూపించాడు.