పదో తరగతి గీత

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  ముందు వరసలో ఉన్న మా లెక్కల మాస్టారూ, మీరు అప్పుడే వాచీ చూసుకున్నారు. ఇరవై నిమిషాలు దాటనని మాటిస్తున్నాను.

"విదేశాల్లో మన పూర్వ విద్యార్థులు" అన్న విషయం మీద మాట్లాడమన్నారు. సంఘంవాళ్లు తయారుచేసిన జాబితా చూశాను. అమెరికా, ఆస్ట్రేలియా, సింగపూర్. డాక్టర్లు, సాఫ్ట్‌వేర్‌వాళ్లు, ఇద్దరు ప్రొఫెసర్లు. గర్వంగానే ఉంది. కానీ గల్ఫ్ దేశాల కింద నాలాంటి ఇంజనీర్లు నలుగురైదుగురి పేర్లే ఉన్నాయి. మన బడికి పిల్లలు వచ్చే ఊళ్లలో గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇల్లు లేని వీధి చూపించండి. ఆ డబ్బు పంపినవాళ్లూ, పంపినావిడలూ చాలామంది ఇక్కడ చదివినవాళ్లే. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో మానేశారు కనక పూర్వ విద్యార్థుల జాబితాలోకి ఎక్కలేదు. ఈ పూట వాళ్ల గురించి మాట్లాడతాను.

నేను ఆర్థికశాస్త్రం చదివినవాణ్ని కాను. సివిల్ ఇంజనీర్ని. పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో మంచినీటి పైపులైన్లు వేశాను. లేబర్ క్యాంపుల మధ్య అన్నేళ్లుంటే మనవాళ్లు ఇలా ఎందుకొస్తున్నారన్న ప్రశ్న ఊరికే ఉండనివ్వదు. ఆ ప్రశ్నతోనే వలసల మీద పరిశోధకులు రాసినవి చదవడం మొదలుపెట్టాను. రాత్రిళ్లు టీవీ చూసే అలవాటు లేకపోవడం కూడా ఒక కారణం.

మన బడి వయసూ గల్ఫ్ వలస వయసూ ఇంచుమించు ఒకటే. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగింది, అక్కడ కట్టడాలు మొదలయ్యాయి, మనుషులు కావలసి వచ్చారు. అయితే గోదావరి జిల్లాల వలస అప్పుడు పుట్టింది కాదు. కాకినాడ దగ్గర కోరంగికి ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్తున్నాం. ఒకప్పుడు అది ఓడలు కట్టిన రేవు. 1839 నవంబరు తుపానుకి దెబ్బతిని మళ్లీ లేవలేదు. రేవు పోయినా పేరు మిగిలింది. రంగూన్‌లో తెలుగు కూలీలని కోరంగీలనే పిలిచేవాళ్లు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కాకినాడలో ఓడెక్కడం, అక్కడ బియ్యం మిల్లుల్లోనో రేవు మీదో వరికోతల్లోనో పనిచేసి ఆ అప్పు తీర్చుకోవడం, తిరిగి రావడం. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో పది లక్షలమందికి పైగా భారతీయులున్నారు. అంతకు ముందటేడు, 1930 మేలో, రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతాల కోసం సమ్మె చేశారు. ఓడల కంపెనీలు బర్మావాళ్లని పనిలో పెట్టుకుని, సమ్మె తీరగానే వాళ్లని తీసేశాయి. ఆ గొడవల్లో వందమందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది మనవాళ్లే.

దీని మీద పరిశోధనా జరిగింది. ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే అధికారి 1933లో రంగూన్‌లోని భారతీయ కూలీల మీద పుస్తకమే రాశాడు. 1939లో వేసిన బాక్స్టర్ విచారణ నివేదిక 1941లో అచ్చయింది. అదే ఏడాది డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి, లక్షలమంది కొండలూ అడవులూ దాటి నడిచొచ్చారు. నివేదిక ఎవరికి ఉపయోగపడిందో చెప్పడం కష్టం. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. దొర తన స్వార్థం కోసమే అయినా ఓడెక్కినవాణ్నీ దిగినవాణ్నీ లెక్కపెట్టుకున్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఇంజనీరుగా నన్ను బాగా ఇబ్బందిపెట్టిన ప్రశ్న వేరే. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాటన్ దొరకి మనం ఇప్పటికీ దండం పెడతాం, పెట్టాలి కూడా. కానీ బర్మాకి కూలీల ప్రవాహం పెరిగింది ఆనకట్ట తరవాతే. నీళ్లొచ్చిన చోటు నుంచి మనుషులెందుకు పోతారు? నీళ్లు భూమికి వస్తాయి. భూమి లేనివాడికి ఆ నీళ్లు కూలి రూపంలోనే అందుతాయి, అదీ ఊడ్పులప్పుడూ కోతలప్పుడూ. మిగతా నెలల్లో కాలవ నిండుగా పారుతున్నా వాడి పొయ్యికి సంబంధం లేదు.

పరిశోధకులు దీనికి రకరకాల సమాధానాలు చెప్పారు. 1970లో హారిస్, టొడారో అనే ఇద్దరు, మనిషి అక్కడ దొరికే జీతాన్నీ, పని దొరికే అవకాశాన్నీ కలిపి లెక్కేసుకుని కదులుతాడన్నారు. ఇది మగవాడు ఒంటరిగా కూర్చుని వేసే లెక్కలా ఉంటుంది. 1985లో స్టార్క్, బ్లూమ్ అనేవాళ్లు, అసలు నిర్ణయం మనిషిది కాదు, కుటుంబానిదన్నారు. అందరూ ఒకే చేలో ఉంటే ఒక తుపానుకి అందరూ మునుగుతారు. అందుకని ఒకర్ని వేరే ఆకాశం కిందికి పంపుతారు. కోనసీమవాళ్లకి ఇది వివరించక్కర్లేదు. 1996 నవంబరు 6 రాత్రి ఎన్ని కొబ్బరిచెట్లు పడ్డాయో మీరు చూశారు. కొబ్బరిమొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. దింపు తీసేవాడికీ, పీచు వలిచేవాడికీ, ఈనెలు చీరే ఆడవాళ్లకీ ఆ ఆరేడేళ్లు ఎవరిస్తారు? 2011లో రైతులు క్రాప్ హాలిడే అన్నప్పుడు మోహన్ కందా కమిటీ వచ్చింది, రైతు బాధ కాగితం మీదికెక్కింది. ఆ సార్వాలో ఊడ్పులు లేని కూలీ ఎటు వెళ్లాడన్నది అంతగా చర్చకి రాలేదు.

ఇంకో సంగతి. అభివృద్ధి జరిగితే వలస ఆగుతుందని మన నాయకులందరూ అంటారు. మైకేల్ క్లెమెన్స్ అనే ఆర్థికవేత్త అనేక దేశాల లెక్కలు చూసి, తలసరి ఆదాయం ఏడాదికి సుమారు పదివేల డాలర్లకి చేరేదాకా వలస పెరుగుతూనే ఉంటుందని చూపించాడు. కటిక పేదవాడికి బస్సు ఛార్జీ కూడా ఉండదు, కాస్త చేతిలో పడినవాడే బయల్దేరతాడు. మన పక్క బంగ్లాదేశ్‌లో, రంగ్‌పూర్ ప్రాంతంలో, కరువు నెలల్లో పల్లెవాళ్లకి ఎనిమిదిన్నర డాలర్లు, అంటే రానూపోనూ ఛార్జీకి సరిపడా, ఇచ్చి చూశారు. దానివల్ల అదనంగా నూటికి ఇరవై రెండు కుటుంబాలు ఒక మనిషిని పనికి పంపాయి, ఇంటి తిండి మెరుగుపడింది. 2014లో అది పెద్ద పత్రికలో అచ్చయింది. తరవాత అదే పథకాన్ని పెద్దయెత్తున నడిపితే ఆ ఫలితం రాలేదు, 2019లో ఆపేశారు. మా వృత్తిలో ఇది రోజూ చూసేదే. నమూనా పంపు బాగానే తోడుతుంది, ఊరంతటికీ వేసినప్పుడు కదా తెలిసేది.

మన ప్రాంతపు వలసలో విశేషం ఆడవాళ్లు. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, రేవు దాటితే నరసాపురం, మొగల్తూరు. ఈ ఊళ్ల నుంచి ఇళ్లల్లో పనికి వేలమంది కువైట్, మస్కట్, ఖతార్, బహ్రెయిన్ వెళ్లారు. మగవాడి వీసాకి పెద్దమొత్తం కావాలి, ఖద్దామా వీసా చవక. అందుకని భర్త ఇంట్లో, భార్య ఎడారిలో. 1885లో రావెన్‌స్టైన్ అనే ఆయన వలస సూత్రాలు రాస్తూ, ఆడవాళ్లే ఎక్కువ కదులుతారు కానీ దగ్గర దూరాలకే అన్నాడు. పాపం ఆయన రాజోలు చూడలేదు.

ఇప్పుడు పదో తరగతి సంగతి. మన దేశంలో వలసని నడిపేది 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. దాని ప్రకారం పాస్‌పోర్టులు రెండు రకాలు. ఈసీఆర్ ముద్ర ఉన్నవి, లేనివి. ముద్ర ఉన్నవాళ్లు గల్ఫ్ దేశాలు ఆరూ కలిపి పద్దెనిమిది దేశాలకి పనికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఎవరికి ముద్ర పడదు? ఆదాయపు పన్ను కట్టేవాళ్లకీ, యాభై దాటినవాళ్లకీ, మరికొందరికీ. మామూలు కుటుంబానికి అందుబాటులో ఉన్న దారి ఒక్కటే, పదో తరగతి పాసైన సర్టిఫికెట్. అంటే మాస్టారూ, మీరు దిద్దిన లెక్కల పేపరు మీద ముప్ఫై అయిదు దాటిందా లేదా అన్నది, పదేళ్ల తరవాత విమానాశ్రయంలో ఆ పిల్లని ఆపాలా వద్దా అన్నది నిర్ణయిస్తోంది.

ఒక మనిషి సంగతి చెప్తాను, పేరు చెప్పను. మా చెల్లెలూ ఆవిడా ఇక్కడ ఒకే బెంచీ. తొమ్మిదిలో మానిపించారు, పెళ్లి చేశారు. 2004 ప్రాంతంలో ఒక శుక్రవారం కువైట్ మాలియాలో మనవాళ్లు చేరేచోట "అన్నయ్యా, మీరు ఫలానావారి అబ్బాయి కదా" అని పలకరించింది. అప్పటికి ఆవిడకి ఇరవయ్యారు. మా చెల్లెలి వయసు నాకు తెలుసు కదా. పాస్‌పోర్టులో ముప్ఫై రెండు. ముద్రపడ్డ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి ముప్ఫై ఏళ్లు నిండాలన్నది నిబంధన, అందుకని సబ్ ఏజెంటు ఆరేళ్లు కలిపాడు. "నాకు వయసు పెంచినందుకు విడిగా డబ్బు తీసుకున్నాడన్నయ్యా" అని నవ్వింది. ఆ నవ్వు తరవాత చెప్పిన విషయాలు సభలో చెప్పేవి కావు. రెండేళ్లలో ఇల్లు మారింది, అకామా లేకుండా పోయింది, మనవాళ్ల భాషలో ఖల్లీవల్లీ అయింది. చివరికి అవుట్‌పాస్ మీద వచ్చింది. ఇప్పుడు ఊళ్లోనే ఉంది. పాస్‌పోర్టులో ఒక పుట్టినతేదీ, మన బడి రిజిస్టరులో ఇంకోటి. బ్యాంకు, బీమా, ఆధార్, ఎక్కడికెళ్లినా ఏది నిజమని అడుగుతారు. నిజమైనది ఆ బీరువాలో ఉంది.

ఆ వయసు నిబంధన పెట్టినవాళ్ల ఉద్దేశం చెడ్డది కాదు, ఆడపిల్లల్ని కాపాడదామనే. కానీ వెళ్లాల్సిన అవసరం అలాగే ఉంచి ద్వారం మూస్తే గోడకి కన్నం పడుతుంది. విజిటింగ్ వీసా మీద దుబాయి, అక్కణ్ణించి ఇంకో దేశం. నేపాల్ కూడా ఇలాగే ఆడవాళ్లని ఆపి చూసింది. వాళ్లు దొడ్డిదారిన వెళ్లి ఇంకా ఎక్కువ ప్రమాదంలో పడ్డారని 2015లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నివేదిక చెప్పింది. కువైట్ యజమాని ఒక్కో పనిమనిషికి 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలని 2014లో మనవాళ్లు పట్టుబట్టారు. కువైట్ ఒప్పుకోలేదు. 2017లో దాన్ని తీసేశారు.

దీనికి రెండో వైపు ఉంది, నాకు అదే ఎక్కువ బాధ. ముద్ర ఆపడమే కాదు, కొంత కాపాడుతుంది కూడా. ముద్ర ఉన్నవాళ్లకి ఒప్పంద పత్రం చూస్తారు. 2003లో వచ్చిన ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి, ప్రమాదంలో పోతే పది లక్షలు. లైసెన్సున్న ఏజెంటు ముప్ఫైవేలూ, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. పది పాసైన అమ్మాయి అదే వీసా మీద, అదే వంటింట్లోకి వెళ్తే ఆ అనుమతీ తనిఖీ, ఆ తప్పనిసరి బీమా ఉండవు. ప్రమాదం వంటింట్లో ఉంటే మనం సర్టిఫికెట్‌ని తనిఖీ చేస్తున్నాం. ఇనుము నాణ్యత చూడకుండా లారీ నంబరు చూసి పంపించే గేటు లాంటిది ఇది. ఆ చట్టాన్ని మార్చాలని 2019లో, 2021లో ముసాయిదాలు వచ్చాయి. చేసే పనిని బట్టి రక్షణ ఉండాలన్నది నా అభిప్రాయం. కాదనేవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి.

ఇక ఆ లెక్క సంగతి. కేరళలో 1998 నుంచి ఇంటింటి వలస సర్వేలు జరుగుతున్నాయి. 2023 సర్వేలో సుమారు 22 లక్షలమంది బయట ఉన్నారని తేలింది. ఏ జిల్లా, ఎంత చదువు, ఎంత పంపుతున్నారు, ఎంతమంది తిరిగొచ్చారు, అన్నీ చెప్పగలరు. మనకి అలాంటి సర్వేల వరస లేదు. 2024 జూన్‌లో కువైట్ మంగాఫ్‌లో కార్మికుల భవనం కాలిపోయి నలభైమందికి పైగా భారతీయులు చనిపోయారు. అందులో మన గోదావరివాళ్లూ ఉన్నారు. శవపేటికల మీద రాసినప్పుడు వాళ్ల ఊళ్ల పేర్లు తెలిశాయి. రంగూన్ దొర ఓడెక్కేటప్పుడే రాసుకున్నాడు.

సర్వే ప్రభుత్వం చెయ్యాలి. మనం చెయ్యగలిగింది చిన్నది. సంఘం నిధిలోంచి ఓపెన్ స్కూల్ ఫీజు కడదాం. మధ్యలో మానేసినవాళ్లు, ముఖ్యంగా ముప్ఫైలోపు ఆడవాళ్లు, పది రాయొచ్చు. అప్పుడు వయసు పెంచుకోవాల్సిన అగత్యం ఉండదు. మొదటి ఇరవైమంది ఫీజు నాది. వెళ్లేముందు ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూసిపెట్టడానికి, ఒప్పందం చదివి తెలుగులో చెప్పడానికి ఆదివారం పూట ఇద్దరు కూర్చుంటే చాలు. రిటైరైన మాస్టార్లు ఇద్దరు ఇప్పటికే ఒప్పుకున్నారు.

మూడోది ఒక రిజిస్టరు. ఈ బడిలో ఒక్క ఏడాది చదివినా సరే, పనికి బయటదేశం వెళ్తున్నవాళ్ల పేరు, వెళ్లే ఊరు, యజమాని ఫోను, ఇక్కడ ఇంటి ఫోను, తిరిగొచ్చే తేదీ. ఇది ఎవరికీ చూపించం, తాళంలో ఉంటుంది. రెండొందల పేజీల పుస్తకం రాజమండ్రిలో కొని తెచ్చి పొద్దున్నే హెడ్మాస్టారి బల్ల మీద పెట్టాను. మా చెల్లెలి బెంచీ ఆవిడ పేరు, అసలు పుట్టినతేదీతో, ఆవిడని అడిగే మొదటి వరసలో రాశాను. మీ ఇళ్లల్లో వెళ్లినవాళ్ల వివరాలు తెలిస్తే సాయంత్రం వెళ్లేలోపు రాయించండి. ఆఫీసు ఆరింటిదాకా తెరిచి ఉంచుతామన్నారు.

మాస్టారూ, రెండు నిమిషాలు ఎక్కువైంది. సెలవు.