పొడపత్రికీ పరీక్ష జరగాలి
(రైతు సంఘం మండల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇందాక టీలు పోసేటప్పుడు చూశాం. చక్కెర లేని టీ అడిగినవాళ్లే ఎక్కువ. ఎండలో ఒళ్లు వంచి పనిచేసేవాడికి షుగర్ రాదన్న మాట ఎప్పుడో పోయింది. ఎరువుల కొట్టు బాకీ పక్కన మందుల షాపు బాకీ కూడా రాసుకుంటున్నాం. అందుకే ఆకుతో నయమవుతుందని ఎవరైనా అంటే ఆశ పుడుతుంది. ఆశపడటం తప్పు కాదు.

పొడపత్రి మనకు కొత్త కాదు. అడవి అంచుల్లో చెట్లకు అల్లుకునే తీగ. ఆయుర్వేదంలో మధునాశిని అన్నారు. ఆ ఆకు నమిలి బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టుంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుకకు కాసేపు తీపి తెలియకుండా చేస్తాయి. నోట్లో తీపిని చంపిన ఆకు ఒంట్లో చంపదా అనుకుంటాం. ఇక్కడే మోసపోతాం. నాలుకకు తెలియకపోయినా బెల్లం బెల్లమే. మింగితే రక్తంలోకే పోతుంది.

మా ఊళ్లో ఒక పెద్దాయన చూర్ణం అమ్మేవాడి మాట నమ్మి మాత్రలు మానేశాడు. కాలికి పుండు పడింది, మానలేదు. చివరికి బొటనవేలు తీసేశారు. దమ్ములో దిగలేక కౌలు పొలం వదులుకున్నాడు. ఆకు చెడ్డదని మేం అనడం లేదు. ఏమీ తేలకుండా మాత్రలు మాన్పించడం తప్పంటున్నాం.

అసలు పరీక్షలే జరగలేదా? జరిగాయి. మద్రాసు విశ్వవిద్యాలయం పరిశోధకులు 22 మంది షుగర్ రోగులకు, వాళ్ల మాత్రలతో పాటే, రోజుకు 400 మిల్లీగ్రాముల ఆకు సారం 18 నుంచి 20 నెలలు ఇచ్చి చూశారు. ఫలితాలు 1990లో ప్రచురించారు. రక్తంలో చక్కెర తగ్గింది. ఐదుగురు మాత్రలు ఆపి సారంతోనే ఉండగలిగారు. మంచి కబురే. కానీ 22 మందితో తేలే సంగతి కాదిది.

కొత్త విత్తనం వస్తే మనమేం చేస్తాం? ఒక మడిలో కొత్తది, పక్క మడిలో పాతది వేసి, రెండింటికీ ఒకే నీరు, ఒకే ఎరువు పెట్టి చూస్తాం. ఎందుకంటే వానలు బాగా పడ్డ ఏడు ఏ విత్తనమైనా పండుతుంది. మనిషీ అంతే. అన్నం తగ్గించి నడక మొదలుపెట్టినవాడికి ఏ ఆకు తిన్నా చక్కెర తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే వందల మందిని చీటీలు వేసి రెండు జట్లు చేయాలి. ఒక జట్టుకు ఆకు మందు, రెండో జట్టుకు అలాగే కనిపించే ఉత్త పొడి ఇవ్వాలి. ఎవరికేది అందిందో రోగికీ, డాక్టరుకూ తెలియకూడదు. మూడు నెలల సగటు చక్కెర చూసి లెక్క తేల్చాలి.

ఇలా తేల్చడం మొక్కను అవమానించడం కాదు. మనం మింగే మెట్‌ఫార్మిన్ మాత్రకు మూలం ఐరోపాలోని గలీగా అనే మొక్క. మన కంది, చిక్కుడు కుటుంబానిదే. దాన్ని మేసి గొర్రెలు చచ్చిపోయేవి. అందులోని గుణాన్ని పట్టుకుని, విషం తక్కువ ఉండే మందు తయారుచేశారు. 1957లో ఫ్రాన్స్‌లో రోగులకు ఇచ్చి చూశాకే అది ప్రపంచానికి అందింది.

మేం అడిగేవి మూడు. పొడపత్రిని ప్రభుత్వ పరిశోధనా సంస్థలే పెద్ద ఎత్తున పరీక్షించి, ఫలితం ఏదైనా తెలుగులో ప్రకటించాలి. మందు తేలితే 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ఆకు కోసే గిరిజనులకు, రైతులకు వాటా దక్కాలి. పసుపు గాయం మాన్పుతుందన్న మన అమ్మమ్మల తెలివికి 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చారు. మన సీఎస్ఐఆర్ పోరాడితే 1997లో రద్దయింది. అది మరవొద్దు. ఇక మూడోది, ఔషధ పంట వేయమనేవాళ్లు కొనే ధరను ముందే కాగితం మీద రాసివ్వాలి.

అప్పటిదాకా ఒక్క మాట. ఆకు తినేవాళ్లు డాక్టరుకు చెప్పి తినండి. మాత్రతో కలిస్తే చక్కెర మరీ పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. మాత్ర గానీ ఇన్సులిన్ గానీ సొంతంగా మానొద్దు. మొలక శాతం చూడని విత్తనం పొలంలో చల్లం. పరీక్షకు నిలవని మందుకు ప్రాణం అప్పగించొద్దు.